కణముల పెరుగుదల – కర్మఫలము

పెద్దలకు నమస్కరించినప్పుడు వారు మనలను దీవించు మాటలలో వృద్ధి యనునది తప్పక యుండును. వంశాభివృద్ధి, ధనాభివృద్ధి, విద్యాభివృద్ధి – అన్నియు పెరుగుటయే. పెరుగుట మేలు, తఱుగుట కీడు అని మన భాషయే మనకు బాల్యమునుండి నేర్పుచున్నది. దీపము ఆఱినదనక కొండెక్కినదందుము. బియ్యము అయిపోయినవనక నిండుకొన్నవందుము. కాని మన శరీరము లోపల నీ న్యాయము చెల్లదు. అచ్చట ఆగుటయు, తఱుగుటయు, తగిన సమయమున చచ్చుటయు పెరుగుటతో సమానముగ నవసరములు. ఏ కణమునందు పెరుగుట యొక్కటే మిగిలి తక్కినవి నశించునో ఆ కణమునుండి మనవారు రాచపుండని పేరుపెట్టిన వ్యాధి పుట్టుచున్నది. నేడు దానిని పండితులును పామరులును క్యాన్సరనియే యనుచున్నారు గనుక మేమును ఆ మాటనే వాడెదము.

తిరుచానూరువంటి క్షేత్రమున కాపురముండువారికి దేశము నలుమూలల జనుల కష్టములు చెవినిబడుచుండును. పద్మసరోవరము మెట్లపై నెవరితో మాట కలిపినను కొంచెము సేపటిలో మ్రొక్కు వెనుకనున్న కథ బయటపడును. అందు క్యాన్సరు కథలు నేడు తక్కువగ లేవు. వాని యన్నిటియందును మేము గమనించిన విశేషమొకటి కలదు. జ్వరము వచ్చినవానిని 'ఏమి తింటివి? ఎక్కడ తడిసితివి?' అని యెదుటనే యడుగుదురు. క్యాన్సరు వచ్చినవానిని గూర్చి మాత్రము, ఎదుట గాక చాటున, 'ఏ జన్మమున నేమి చేసికొన్నాడో' యందురు. రోగి స్త్రీ యైనచో నీ మాట మఱింత సులభముగ నోటికి వచ్చును. ఇరుగుపొరుగువారి మాట యటుండనిండు. రోగియే తన మంచమున పడుకొని తన్ను తానీ ప్రశ్న వేసికొనుచుండును. ఒంటి నొప్పికి మందు కలదు గాని యీ ప్రశ్న పెట్టు నొప్పికి మందు ఏ వైద్యశాలయందును దొరకదు.

ఈ మాట న్యాయమైనదా యని మేము విచారింపదలచితిమి. ఇది ధర్మప్రశ్నయే గాని వైద్యప్రశ్న కాదు. అయినను కణముల పెరుగుదలను గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులు తెలియక దీనిని తేల్చుట, సాక్షులను విచారింపకయే తీర్పు చెప్పుటవంటిది. కావున మొదట సాక్షులను పిలిచెదము.

మన యెముకల మూలుగలో దినమునకు సుమారు 20,000 కోట్ల ఎఱ్ఱకణములు క్రొత్తగ పుట్టుచున్నవి. ఇంచుమించు అన్నియే పాతవి చచ్చుచున్నవి. ఇంత గొప్ప రాకపోకలు లెక్క తప్పక జరుగుటకు కారణమేమి? దేహములోని కణము సామాన్యముగ తనంతట తాను పెరుగదు. దానికి బయటినుండి మాట రావలెను. ఆ మాటను మోసికొనివచ్చునవి ప్రోటీనులు, అనగా పాఠ్యపుస్తకములలో మాంసకృత్తులని వ్రాయబడునవి. పప్పులోను గ్రుడ్డులోను గల మాంసకృత్తులను తలచుకొని వీనిని కేవలము ఆహారముగ భావింపరాదు. దేహములో నివి వార్తాహరులు, ద్వారపాలకులు. ఒక కణము 'పెరుగుము' అను సందేశప్రోటీనును విడుచును. అది మఱియొక కణముపైనున్న గ్రాహకమను ప్రోటీనుకు తాళమున తాళపుచెవివలె తగులుకొనును. ఆ తాకిడి లోపల నొకదానినుండి యొకదానికి ప్రాకి తుదకు కణకేంద్రములోని జన్యువులను మేల్కొలుపును. 'ఆగుము' అను సందేశములును ఇట్లే వచ్చును. 'నీ పని ముగిసినది, ఇక పొమ్ము' అనునవియు కలవు. అది విన్న కణము తన్ను తానే ముక్కలు చేసికొని ప్రక్కవానికి బాధ కలుగకుండ తొలగిపోవును.

మనలను రోగములనుండి కాపాడు తెల్లకణముల పెంపకమునం దీ వ్యవస్థ మిక్కిలి స్పష్టముగ కనబడును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున డొనాల్డ్ మెట్‌కాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1960వ దశకమునుండి మూలుగకణములను పాత్రలలో పెంచి, ఏ ప్రోటీను తగిలిన నేజాతి తెల్లకణములు వృద్ధిచెందునో సహచరులతో కూడి వెదకెను. సందేశము లేనిచో నా కణములు పెరుగకుండుటయే గాక బ్రతుకనైనను బ్రతుకలేదు. తెల్లకణములలో టీ కణములను నొక తెగ కలదు. ఇవి మూలుగలో పుట్టి, ఱొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథికి చదువునకు పోవును. మేము బడిపంతులము గనుక ఈ గ్రంథి కథ మాకు ప్రత్యేకముగ నచ్చినది. నచ్చినదనుటకంటె భయపెట్టినదనుట న్యాయము. అచ్చట ఇంటర్‌ల్యూకిన్ ఏడు అను ప్రోటీను తల్లివలె పిల్లకణములను పోషించును. పిమ్మట పరీక్షలు రెండు. స్వదేహపు గుర్తును పోల్చుకొనలేని కణము పనికిరాదు; స్వదేహముపైననే తీవ్రముగ తిరుగబడు కణము అంతకంటెను పనికిరాదు. నూటికి తొంబదియైదింటికి పైగా నచ్చటనే చచ్చును. నూటికి అయిదుగురైనను ఉత్తీర్ణులు గాని బడిని ఏ పరీక్షాధికారియు సహింపడు. కాని యంత కఠినమైన వడపోత యుండుటచేతనే మనకు మన రక్షకభటులవలన భయము లేకున్నది.

ఆ యింటర్‌ల్యూకిన్ ఏడింటిని అందుకొను గ్రాహకము పుట్టుకతోనే చెడిపోయిన శిశువులకు టీ కణములు లేక స్వల్పమైన అంటురోగములే ప్రాణాంతకములగుచున్నవి. ఆ గ్రాహకమే మఱియొక విధముగ చెడి, సందేశము రాకున్నను వచ్చినట్లే లోపలికి కేకలు వేయుచుండినచో, ఆ కణములే విచ్చలవిడిగ పెరిగి రక్తక్యాన్సరగుచున్నది. టీ కణముల తెగకు చెందిన రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలలో సుమారు పదింట నొకరియందు ఈ గ్రాహకము చెడియుండుట 2011లో కనుగొనబడెను. మాట వినబడకపోవుటయు రోగమే. వినబడని మాట వినబడినదనుకొనుటయు రోగమే.

ఇక 'ఆగుము' అను మాటను చెప్పువానిలో ముఖ్యమైనదానికి శాస్త్రజ్ఞులు ట్రాన్స్‌ఫార్మింగ్ గ్రోత్ ఫాక్టర్ బీటా యని పేరుపెట్టిరి. పెరుగుదల కారకమని దీని యర్థము. మొదట దానిని చూచినవారికి అది కణముల పెంపునకు తోడ్పడునట్లు తోచెను. పిమ్మట నదియే అనేకకణముల పెరుగుదలను ఆపునని తేలెను. పేరు మాత్రము మారలేదు. (నామకరణమునకు తొందరపడరాదని మన పెద్దలు పదునొకండవ దినము వఱకు ఆగుటలో ఏదో వివేకమున్నట్లున్నది.) ఈ ప్రోటీను జన్యువు లేకుండ 1992లో కొందఱు చుంచులను పుట్టించిరి. వానికి బయటి శత్రువెవ్వడును అక్కఱలేకపోయెను. పగ్గము తెగిన తెల్లకణములు గుండెయనక ఊపిరితిత్తులనక స్వదేహమునే చుట్టుముట్టగా, ఆ చుంచులు మూడు నాలుగు వారములలోనే మరణించెను. అదే ప్రోటీను క్యాన్సరు ముదిరిన దేహమునందు వేఱొక పని చేయుచున్నది. ఆరంభమున కంతి పెరుగుదలను అడ్డగించునది, పిదప ఆ కంతిపై పోరుటకు వచ్చిన తెల్లకణములను అడ్డగించి కంతికే కాపు కాయుచున్నది. ఇట్లు కంతులు మన పగ్గములనే మనకు వేయుచున్నవని గ్రహించి, ఆ పగ్గములను సడలించి తెల్లకణములను విడిపించు మార్గము చూపినందుకే జేమ్స్ అల్లిసన్, తాసుకు హోంజో అను నిరువురికి 2018లో నోబెలు బహుమాన మొసగబడినది.

ఈ సాక్ష్యము వినినవారు పెరుగుదల దుర్గుణమనియు నిగ్రహము సద్గుణమనియు తేల్చివేయుట కవకాశము లేదు. ఏ మాట ఎప్పుడు, ఎచ్చట, ఎంత యనుటలోనే యంతయు నున్నది.

మాట తప్పుటకు మూలమేమి? దీనికి ఉత్తరము చెప్పినవారిలో మనకు దగ్గఱివాడొకడు కలడు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది అమెరికాకు పోయిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు అచ్చటి జాతీయ క్యాన్సరు పరిశోధనాలయమున నుండి, 1982లో తోడివారితో గలసి యొక సంగతి ప్రకటించిరి. మానవుని మూత్రాశయపు క్యాన్సరుకణములలో రాస్ అను జన్యువును తీసికొని, ఆరోగ్యవంతమైన కణములోని జన్యువుతో అక్షరమక్షరము పోల్చిచూడగా, వేలకొలది అక్షరములలో వ్యాధికి మూలమైన భేదమొక్కటే కనబడెను. ఆ యక్షరము మాఱుటచేత 189 ముక్కల గొలుసువంటి ఆ ప్రోటీనులో పండ్రెండవ ముక్క గ్లైసీనుకు బదులు వేలీనయ్యెను. అంతియే. ఆ సంవత్సరమే వేఱు రెండు పరిశోధకబృందములవారును విడివిడిగ వెదకి ఈ నిర్ణయమునకే వచ్చిరి. రాస్ ప్రోటీను కణములోని మీటవంటిది: సందేశము వచ్చినప్పుడు పైకి లేచి, పని కాగానే తానై క్రిందికి దిగవలెను. ఆ యొక్క ముక్క మాఱుటచేత దిగుట మఱచినది. మా తరగతిలో నొక పిల్లవాడు 'వలదు' అని వ్రాయవలసినచోట 'వలయు' అని వ్రాసెననుకొందము. మాఱిన దొక్క యక్షరము. పోయినదో, నిషేధమంతయు పోయినది.

ఒక్క రాస్ మాఱినంతమాత్రమున సామాన్యముగ క్యాన్సరు రాదు. అట్టి తప్పులు కొన్ని యొకే కణమునందు కూడుకొనవలెను. కాని యా తప్పులు వచ్చు త్రోవలు మనకు తెలిసినవే. కణము రెండగుచున్నప్పుడెల్ల మూడువందల కోట్లకు మించిన అక్షరముల గ్రంథమును క్రొత్తగ నకలు వ్రాసికొనవలసియున్నది. ఎంత నేర్పరియైన లేఖకునికిని అక్కడక్కడ తప్పులు దొర్లును. పొగాకు పొగ, తీక్ష్ణమైన యెండ, కొన్ని సూక్ష్మజీవులు ఆ తప్పులను హెచ్చించును. కొన్ని తప్పులు తల్లిదండ్రులనుండియే వచ్చును. మిగిలినవి నకలు వ్రాయుటలోని సహజమైన పొరపాటులు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. మూడేండ్ల శిశువునకు రక్తక్యాన్సరు వచ్చినది. ఆ శిశువు ఏ పాపము చేసినది? ఈ జన్మమున చేయలేదని యెల్లరును ఒప్పుకొందురు, పూర్వజన్మమున చేసినదందురు. దీనికి మేము క్రొత్త తర్కము తేనక్కఱలేదు. మన నైయాయికులే కారణమునకును అన్యథాసిద్ధమునకును భేదము చెప్పియున్నారు. కుండ పుట్టుటకు మన్ను, చక్రము, దండము, కుమ్మరి కారణములు. ఆ మన్నును మోసికొనివచ్చిన గాడిద కుండకు కారణము కాదు. గాడిద లేకున్నను మన్ను వచ్చును, కుండయు నగును. క్యాన్సరునకు అక్షరదోషము కారణము; ఆ దోషమునకు నకలు పొరపాటో, పొగయో, సూక్ష్మజీవియో కారణము. ఇన్ని కారణములతో కార్యము సిద్ధించుచుండగా పూర్వజన్మపాపమును తెచ్చి యిందు చేర్చుట గాడిదను కుమ్మరిసారెపై నెక్కించుట గాదా?

కర్మసిద్ధాంతమును ఖండించుటకు మేమీ వ్యాసము వ్రాయుటలేదు. దానిని నమ్మువారు నమ్ముదురుగాక. కాని దాని వినియోగమునం దొక మర్యాద కలదు. తన కష్టమును తాను సహించుటకు ఒకడు 'ఇది నా కర్మము' అనుకొన్నచో నది ధైర్యము కావచ్చును. ఎదుటివాని కష్టమును చూచి 'అది వాని కర్మము' అన్నచో నది తాను లేచి సాయము చేయకుండుటకు వేసికొన్న ముసుగు. ఒకే వాక్యము, సర్వనామము మాఱుటచేత ధర్మము మాఱిపోవుచున్నది.

ఇచ్చట చదువరులలో కొందఱు మమ్ము నిలదీయుదురని యెఱుగుదుము. 'పొగాకు వలన క్యాన్సరు వచ్చునని మీరే యంటిరి. తెలిసి త్రాగినవానిదే గదా తప్పు?' అని. ఈ యాక్షేపణ బలమైనది. దీనికొక తెలుగుదేశపు సాక్ష్యమే చూతము. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలలోని పల్లెలలో పేదస్త్రీలు చుట్టను త్రిప్పి, కాలుచున్న కొనను నోటిలో నుంచుకొని పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. గాలికిని తడికిని ఆరిపోక చుట్ట చాలసేపు వచ్చునని చెప్పుదురు. ఆ నిప్పు వేడియు పొగయు తగిలి అంగిలిపై క్యాన్సరు వచ్చుచున్నదని విశాఖపట్టణపు వైద్యులు గత శతాబ్దముననే వ్రాసిరి. ప్రపంచమున నితరత్ర అరుదైన అంగిలి క్యాన్సరు అచ్చట విశేషముగ నుండుటకు ఇదియే హేతువు. సరే, హేతువు తెలిసినది. దోషమెవరిది? తల్లి త్రాగగా చూచి, కష్టము చేసి యలసినప్పుడు తానును త్రాగ నేర్చికొని, ఎవ్వరును వలదని చెప్పనందున ముసలితనము వఱకు త్రాగిన కూలిస్త్రీదా? ఆ చుట్టకు పొగాకు పండించి లాభము పొందినవానిదా? చదువుకొని, సంగతి తెలిసికొని, ఆ పల్లెకు పోయి చెప్పని మనదా?

హేతువు వేఱు, దోషము వేఱు. హేతువును విచారించుట రోగము రాకమునుపు చేయవలసిన పని. దానివలన పదిమంది బ్రతుకుదురు. దోషమును విచారించుట రోగము వచ్చినపిదప మనము చేయుచున్న పని. దానివలన నెవ్వరును బ్రతుకరు. చుట్ట మానుమని మంచముమీది రోగికి చెప్పుటయు వైద్యములో భాగమే, మేము కాదనము. కాని దానిని వైద్యుడు చెప్పు స్వరము వేఱు, చుట్టములు చెప్పు స్వరము వేఱు.

గర్భాశయముఖమున వచ్చు క్యాన్సరు విషయమున మన యిండ్లు చేయు నన్యాయము దీనికంటెను హెచ్చు. ఆ రోగము పేరు చెప్పుటకే స్త్రీ సిగ్గుపడవలసివచ్చుచున్నది. దాని కారణమొక వైరసు. దానిని కనుగొన్న జర్మను వైద్యుడు హరాల్డ్ జూర్ హౌసెన్‌కు 2008లో నోబెలు బహుమానములో పాలు లభించినది. ఆ వైరసు విడుచు ప్రోటీనులలో నొకటి, మన కణములలో తప్పులను పట్టు కావలివంటి పీ యాబదిమూడు అను ప్రోటీనును నాశము చేయును; మఱియొకటి వేఱొక పగ్గమును త్రెంచును. పగ్గములు రెండును పోగా కణము పెరుగుటయే మిగులును. ఈ వైరసు దాంపత్యసంపర్కమున వచ్చునది. భార్యకు తెచ్చి యిచ్చినవాడు పలుమారు భర్తయే. అతనికి తెలియక తెచ్చియుండవచ్చును గనుక అతనినైనను నిందించుట మా యభిమతము కాదు. కాని నింద మాత్రము ఎన్నడును అతని గుమ్మము త్రొక్కదు, ఆమెకే చెందును. బాలికలకు ముందుగ టీకా వేయించినచో నీ రోగము మిక్కిలి చాలవఱకు రాకుండ చేయవచ్చును. ఆడపిల్లకు చెవులు కుట్టించుట మఱువని యిల్లు ఈ సూదిని మఱువదగదు.

ఇంతవఱకు చెప్పినదానినుండి మఱియొక తప్పుదారి పుట్టగలదు. దానినిగూడ మూసిపెట్టుట మంచిది. కణములు తమ తమ చోట్ల తమ తమ పనులు చేయుచు మితిమీరకుండుటయే ఆరోగ్యమనగానే, 'చూచితిరా, సంఘమును అంతియే. ఎవరి స్థానమున వారుండవలెను' అని కొందఱు సంతోషింతురు. సంఘమును దేహముతో పోల్చి యొకరిని తలగను ఒకరిని పాదములుగను చేయుట మన దేశమునకు క్రొత్త గాదు. వారికి మేము చెప్పునది, మూలుగను చూడుమని. అచ్చట మూలకణమొక్కటే. ఎఱ్ఱకణమును, తెల్లకణమును, నెత్తురు గడ్డకట్టించు కణికయు దాని సంతానమే. ఏది ఏమగునో పుట్టుక నిర్ణయింపదు. అందిన సందేశము, దొరికిన పోషణము నిర్ణయించును. మా వాదమున కిది యెంతయు ననుకూలముగ నున్నది. అయినను, నిజము చెప్పవలెనన్న, దీనిని ఆధారముగ చేసికొనుటయు మాకు సమ్మతము కాదు. మనుష్యులు కణములు కారు. పనికిరాని పిల్లకణమును థైమస్ గ్రంథి చంపును. బడి యట్లు చేయరాదు. అంటరానితనము తప్పని తెలిసికొనుటకు ఎముక కోసి చూడనక్కఱలేదు.

'ఎవరి పాపము' అను ప్రశ్నను విడిచినవారు ఏ ప్రశ్న వేసికొనిరో చూపుటకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము చాలును. 1895లో భీమవరమున పుట్టిన ఆయన యన్నదమ్ము లిరువురు సంగ్రహణివంటి స్ప్రూ వ్యాధితో చిన్నవయసుననే మరణించిరి. ఆ యింటివారికి గ్రహదోషములు చెప్పినవారు లేకపోయిరనుకొనజాలము. ఆయన మాత్రము మదరాసున వైద్యము చదివి, అమెరికాకు పోయి, రక్తకణముల వృద్ధికి మిక్కిలి యవసరమైన ఫోలిక్ ఆమ్లమును లెడర్లీ పరిశోధనాలయమున తన బృందముచే తయారు చేయించెను. ఇది ప్రోటీను గాదు, విటమిను. కాని పెరుగుదలను నడపుటలో దీని పాత్ర చిన్నది కాదు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ జాతి పదార్థములను రక్తక్యాన్సరు పిల్లలకు వాడగా రోగము తగ్గుటకు మాఱుగ త్వరపడినట్లు కనబడెను. పుష్టి నిచ్చునది రోగమునకును పుష్టి నిచ్చినది. అట్లయిన దానికి ప్రతికూలమైనది రోగమును ఆకలితో మాడ్చవలెను గదా? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని చెఱచు ఎమినోప్టెరిన్ అను ద్రవ్యము నందించెను. దానిని పదునాఱుగురు పిల్లల కీయగా పదిమందిలో గుణము కనబడెనని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించెను. ఆ గుణము నిలువలేదు, కొన్ని నెలలే. కాని యంతకుమునుపు ఆ రోగమునకు నెలల గడువైనను ఇచ్చిన మందు లేకుండెను. ఆ సంవత్సరము ఆగష్టుననే సుబ్బారావుగారు మరణించిరి. ఆ తెగకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ధనికదేశములలో నేడు ఈ రోగము వచ్చిన పిల్లలు పదింట ఇంచుమించు తొమ్మండుగురు బ్రతుకుచున్నారు.

ధనికదేశములలో – ఈ మాటను మేము కావలెననియే వ్రాసితిమి. 2001లో ఇమాటినిబ్ అను మందు వచ్చినది. ఒకజాతి రక్తక్యాన్సరులో రెండు జన్యువులు తెగి యతుకుకొనుటచేత పుట్టి 'పెరుగుము, పెరుగుము' అని యూరక కేకలు వేయు ప్రోటీను నోరు మూయునది యిది. మన దేశమున దాని వెల నెలకు 1,20,000 రూపాయలుగ నుండెను. హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003లో తయారుచేసిన మందును, ఆ తరహా యితర మందులును నెలకు ఎనిమిది పదివేలకు దొరకెను. పేటెంటు కోరిన స్విట్జర్లాండు సంస్థ వ్యాజ్యము 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టులో వీగిపోయినది. ఆ సంస్థ అనేకులకు మందును ఉచితముగ నిచ్చెననుటయు సత్యమే. పరిశోధనకు ధనము కావలెననుటయు సత్యమే. అయినను దాతయొక్క దయపై బ్రతుకుట వేఱు, కొనగలిగి బ్రతుకుట వేఱు. వానిలో నేది సంఘమునకు గౌరవమో చదువరులే యోచింతురుగాక. పూర్వజన్మమును తలచుకొని నిట్టూర్చుటకంటె ఈ లెక్కలను తలచుకొనుట మాకు హెచ్చు ధర్మముగ తోచుచున్నది.

మన యూరివారికిప్పుడు దూరపు సాకు లేదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993నుండి యున్నది. టాటావారి ధర్మసంస్థలు అలమేలు పేరనే యొక సంస్థ స్థాపించి, దేవస్థానమువారిచ్చిన స్థలమున కట్టిన క్యాన్సరు వైద్యశాల 2022లో తెఱవబడినది. మా తిరుచానూరు తల్లి పేరును ఆ వైద్యశాల వెనుకనున్న సంస్థ ధరించుట మాకు సంతోషము. పేదలకు ప్రభుత్వమువారి వైద్యపథకము 2007నుండి క్యాన్సరు చికిత్సకును వర్తించుచున్నది. ఇన్నియు నుండగా స్త్రీలు ఱొమ్ములో గడ్డ కనబడిన తరువాత నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి దాచుచున్నారు. నొప్పి లేదుగదా యని దాచుదురు. క్యాన్సరు గడ్డ మొదట తఱచుగ నొప్పి పెట్టదు, అదియే దాని మోసము. పరపురుషుడు పరీక్షించునేమో యని దాచుదురు. భర్త చేతిలో డబ్బు లేదని దాచుదురు. అన్నిటికంటె హెచ్చుగ, ఆ పేరు బయటపడిన కూతురికి సంబంధములు రావని దాచుదురు. ముడుపు కట్టుటను మేము వలదనము. కట్టిన మఱునాడే ఆసుపత్రికి పోవలెననుచున్నాము. కాళహస్తిలో రాహుకేతుపూజ చేయించుటకు ఒక దినము తీఱిక చేసికొన్న యిల్లు ఇంకొక దినమునకును తీఱిక చేసికొనగలదు. రోగిపళ్ళెమును వేఱుచేయువారు కూడ నున్నారు. ప్రక్కన కూర్చుండి తినుటచేతను తాకుటచేతను క్యాన్సరు అంటుకొనదు.

సంబంధముల మాట యెత్తితిమి గనుక దానిని ముగించెదము. ఱొమ్ము క్యాన్సరులో నూటికి అయిదునుండి పదివఱకు తల్లిదండ్రులనుండి వచ్చిన జన్యుదోషమువలన కలుగునవి. 1994, 1995 సంవత్సరములలో గుర్తింపబడిన రెండు జన్యువులు, తప్పులను సవరించు ప్రోటీనులను చేయునవి, ఇందు ముఖ్యములు. అట్టి దోషము తల్లికున్నచో ప్రతిబిడ్డకును అది వచ్చుటకు సగము పాళ్ళు అవకాశము కలదు. తండ్రికున్నను అంతియే, ఈ సంగతి మాత్రము మన యిండ్లలో నెవ్వరును తలపెట్టరు. తక్కిన తొంబది చిల్లర కుటుంబములలో దాచవలసిన వంశదోషమే లేదు, ఊరక దాచుచున్నారు. వంశదోషమున్న కొద్ది కుటుంబములలో దాచుటవలన మోసపోవునది పెండ్లికొడుకువారు కారు. తల్లికి ఏ వయసున ఏమి వచ్చినదో తెలిసినచో ఆ కూతురు కొంచెము నెత్తురు పరీక్షకిచ్చి, యౌవనమునుండియే ఏటేట చూపించుకొనుచు, రోగము ముదరకమునుపే పట్టుకొనగలదు. ఆమెకు తెలియనీయక ఏడేండ్లు దాచిన యొక యిల్లు మేమెఱుగుదుము. తల్లి పోయినది, కూతురికి పెండ్లియు నైనది. ఆమెకిప్పుడు ముప్పదిరెండేండ్లు. మొన్న కార్తికమున పంచమీతీర్థమునకు పుట్టినింటికి వచ్చి, తల్లి దేనివలన పోయినదని మేనత్తను అడిగినది.